చింపిన కాగితాల తారాజువ్వ

మా చిన్నప్పుడు కాగితం చింపితే వీపు విమానం మోత మోగేది. 'సరస్వతిని చింపుతావా?' అని ఒక దెబ్బ, ఆ ముక్కల్ని కళ్లకద్దుకోమని ఇంకో దెబ్బ. మా అమ్మ ఆ విషయంలో మరీ కచ్చితం. జూన్‌లో బడి తెరవగానే పాత పేపర్లు తీసి మా ముగ్గురి పుస్తకాలకూ అట్టలు వేసేది. కాగితం మడిచి, మడతమీద గోటితో గట్టిగా రాసి, మధ్యలో చీపురుపుల్ల దూర్చి జర్రున లాగితే కత్తితో కోసినట్టు వచ్చేది అంచు. కాస్త వంకర పోయిందా, ఇక ఆ కాగితం అట్టకి పనికిరాదు. వంటింట్లో అలమర అరల్లో పరుచుకోవడానికి పోవాల్సిందే.

అలాంటి అమ్మకి 78వ ఏట పక్షవాతం వచ్చింది. మాట పోలేదు. నడక నాలుగు నెలల్లో దారికొచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం మొండికేశాయి. ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి నొక్కించింది, పళ్లెంలో పోసి శనగలు ఏరించింది. చివరికి ఓరోజు పాత పేపర్ల కట్ట ముందు పెట్టి, 'ఇవన్నీ చిన్న చిన్న ముక్కలుగా చింపండి బామ్మగారూ' అంది.

అమ్మ ముఖం ఎర్రబడింది. ఆ పిల్ల ఉన్నంతసేపూ ఏమీ అనలేదు. గేటు చప్పుడయ్యాక, 'పిచ్చివాళ్లు చేసే పని నాతో చేయిస్తున్నారటే?' అని గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. వ్యాయామమని చెప్పొచ్చు. కానీ అమ్మ బాధ వ్యాయామం గురించి కాదుగా! జీవితమంతా అంచులు సరిచేసిన మనిషిని ఇప్పుడు ముక్కలు చేయమంటున్నాం.

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాన్న కూతురు కొత్త సంవత్సరానికి పంపిన కార్డు ఒకటి మా ఫ్రిజ్‌ మీద ఉండేది. ఓ ఎండుకొమ్మ, దానికి రెండు నారింజరంగు పళ్లు. జపాను వాళ్లు ఆ పండుని 'కాకి' అంటారు. మన కాకికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు లెండి! రెండ్రోజులు పోయాక ఆ కార్డు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అద్దాలు సర్దుకుని చూసింది. వేలితో తడిమింది. 'ఇదేమిటే, పండుకి నూగుంది?' అంది. రంగు వేసిన బొమ్మ కాదమ్మా, కాగితాన్ని చేత్తో చింపి అతికించిందని చెప్పాను. 'చేత్తోనా? కత్తెర లేకుండానా?' అని మళ్లీ తడిమింది. ఇంకేమీ అనలేదు గానీ కార్డు తిరిగివ్వలేదు. దిండు కింద పెట్టుకుంది.

ఆ కార్డు పుణ్యమా అని ఈ చింపుడు విద్య వెంటపడి తెలుసుకున్న సంగతులివి.

దీన్ని జపానులో 'చిగిరి-ఎ' అంటారు. చిగిరు అంటే చింపడం, 'ఎ' అంటే బొమ్మ. పేరులోనే అంతా ఉంది. కుంచె లేదు, రంగుల డబ్బా లేదు, కత్తెర అసలే లేదు. రంగు కాగితాన్ని వేళ్లతో చింపాలి, పల్చటి గంజిలాంటి జిగురుతో అట్టమీద అతికించాలి. దళసరిగా కనిపించాల్సినచోట ఒకదానిమీద ఒకటి, పల్చగా ఉండాల్సినచోట ఒక్క పొర. పువ్వులు, పళ్లు, కొండలు, మంచు పడుతున్న పల్లె... ఇలాంటివే ఎక్కువ. అక్కడ 'షికిషి' అనే దాదాపు చదరపు అట్టలు దొరుకుతాయి, సుమారు 24 సెంటీమీటర్ల వెడల్పు, 27 సెంటీమీటర్ల పొడవు. ఒక అట్టమీద ఒక బొమ్మ.

ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కిటుకంతా కాగితంలో ఉంది.

ముందు ఓ చిన్న పరీక్ష. ఇవాళ్టి పేపరు... అదే, పెద్ద సైజు ప్రధాన సంచిక తీసుకోండి. చదివేశాకే సుమా! ఒక పేజీని పైనుంచి కిందికి చింపండి. దాదాపు తిన్నగా వస్తుంది. ఇప్పుడు ఎడమనుంచి కుడికి చింపండి. వంకర టింకరగా ఎటో పోతుంది. మిల్లులో కాగితం తయారవుతూ వేగంగా పరుగెడుతుంటే అందులోని నారంతా ఆ పరుగు దిక్కుకే సర్దుకుంటుంది. నారవెంట చింపితే లొంగుతుంది, నారకి అడ్డంపడితే తిరగబడుతుంది. మా అమ్మకి ఈ శాస్త్రం తెలియదు గానీ, పుస్తకాలకి అట్టలు వేసేటప్పుడు కాగితాన్ని ఎప్పుడూ ఒకే దిక్కున మడిచేది.

ఇప్పుడు చింపిన అంచు చూడండి. పొట్టి పొట్టి నూగు, అంతే. కలపగుజ్జు కాగితంలో నార పొడవు మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్లు. జపాను చేతికాగితం 'వాషి' అలా కాదు. దానికి ఎక్కువగా వాడేది కోజో అనే చెట్టు బెరడు. మన పట్టుపురుగులకి మేతవేసే మల్బరీకి అది దాయాది. ఆ నార పొడవు సుమారు 10 మిల్లీమీటర్లు! అందుకే వాషిని చింపితే తెగదు, విడిపోతుంది. అంచంతా సన్నటి వెంట్రుకల్లా నార బయటికి వస్తుంది. అమ్మ నూగు అన్నది దాన్నే. జిగురు పూసి పక్క కాగితంమీద పెడితే ఆ వెంట్రుకలు అందులో కలిసిపోతాయి. గీత కనిపించదు. మబ్బు ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో చెప్పలేం. కుంచెతో ఈ పని చేయాలంటే చెయ్యి తిరిగిన చిత్రకారుడు కావాలి. ఇక్కడ కాగితమే చేసిపెడుతుంది.

ఎలా పడితే అలా చింపితే రాదనుకోండి. కావలసిన ఆకారం గీతమీద కుంచెతో నీళ్లు రాస్తారు. తడిసినచోట నార పట్టు వదులుతుంది. అప్పుడు రెండువైపులా పట్టుకుని మెల్లిగా లాగితే ఆ తడిగీత వెంటే విడిపోతుంది. పీచు పొడవుగా కావాలంటే తడి ఎక్కువ, పొట్టిగా కావాలంటే తక్కువ. నీడలకీ పొగమంచుకీ 'తెంగుజో' అనే కాగితం వాడతారు. కొచి ప్రాంతంలో తయారయ్యే ఈ రకం ఎంత పల్చనంటే, కొన్ని చదరపు మీటరుకి 2 గ్రాములు కూడా తూగవు. మన ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చింది నాకు. పాత గ్రంథాల శిథిల పత్రాలకి పైపొరగా అతికించి కాపాడటానికి దేశదేశాల గ్రంథాలయాలూ మ్యూజియాలూ దీన్నే తెప్పించుకుంటాయి.

వాషి తయారీ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అందులో మన బెండకాయ చుట్టం ఉంది. చలికాలంలో కొమ్మలు నరికి, ఆవిరిపట్టి, బెరడు ఒలిచి, పైనల్లపొర గీకేసి, క్షారంలో ఉడకబెడతారు. చల్లటి నీళ్లలో కూర్చుని నలుసులన్నీ చేత్తో ఏరతారు. తరవాత దంచి తొట్టినీళ్లలో కలుపుతారు. అప్పుడు పడుతుంది అసలు దినుసు... 'తోరోరో అవోయి' అనే మొక్క వేరు రసం. బెండమొక్క జాతిదే అది. బెండకాయ కోస్తే వచ్చే జిగురు మీకు తెలిసిందేగా? ఆ జిగురే నీళ్లని చిక్కబరచి, నారని అడుగుకి దిగనివ్వకుండా తేలుస్తుంది. వెదురు తెరతో ఆ నీళ్లని తీసి అటూ ఇటూ ఊపితే పొర ఏర్పడుతుంది. తడి కాగితాలని ఒకదానిమీద ఒకటి, మధ్యలో ఏమీ లేకుండా వందలకొద్దీ పేరుస్తారు. బరువుపెట్టి నీళ్లు పిండాక ఒక్కొక్కటీ విడివిడిగా లేచివస్తుంది! తడి అప్పడాలని అలా పేర్చి చూడండి, ఏమవుతుందో. 2014లో మూడు ప్రాంతాల వాషి తయారీని యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

కాగితం చింపి అతికించడం అక్కడ కొత్త ముచ్చటేమీ కాదు. క్యోటోలోని నిషి హోంగాంజి ఆలయానికి చెందిన ఓ కవితల ప్రతి ఉంది. 36 మంది కవుల రచనలు. 1112 ప్రాంతంలో, పదవి వదిలిన షిరకావా చక్రవర్తి అరవయ్యో ఏటి వేడుకకి చేయించారంటారు. అందులో రాత ఎంత అందమో రాతకింది కాగితం అంత అందం. రకరకాల రంగు కాగితాల్ని చింపి, ఆ చిరుగుల్నే ఒడ్డుల్లా, కొండల్లా అమర్చి, ఆపైన పద్యాలు రాశారు. విచిత్రమేమిటంటే, 1929లో ఒక మహిళా విద్యాలయానికి డబ్బు కూడబెట్టడం కోసం ఆ ప్రతిలోని రెండు సంపుటాల్ని పుటలుగా విడదీసి అమ్మేశారు. చింపి అతికించిన పుస్తకం మళ్లీ చినిగి ఊరూరికీ చేరిందన్నమాట. ఆ పుటల్ని ఇప్పుడు 'ఇషియామా ముక్కలు' అంటారు. ఆడపిల్లల చదువుకోసమే అయినా, నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

సరే, ఇక అమ్మ అన్న మాట దగ్గరికొస్తాను. పిచ్చివాళ్లు చేసే పని అంది కదా. జపానులో ఈ విద్యని ఇంటింటికీ తెలిసేలా చేసిన మనిషిని కూడా చిన్నప్పుడు లోకం అలాగే చూసింది.

ఆయన పేరు యమాషిత కియోషి. 1922లో టోక్యోలోని అసాకుసాలో పుట్టాడు. ఏడాది తిరగ్గానే పెద్ద భూకంపం వచ్చి, ఆ పేట తగలబడిపోయింది. తల్లిదండ్రులు పిల్లాణ్ని తీసుకుని సొంత ప్రాంతం నీగాతాకి వెళ్లిపోయారు. అక్కడ మూడో ఏట వాడికి కడుపులో తీవ్రమైన జబ్బు చేసింది. బతికాడు గానీ మాట తడబడటం, బుద్ధి నెమ్మదించడం మిగిలాయి. మళ్లీ టోక్యో చేరాక బడిలో పిల్లలు ఏడిపించేవాళ్లు. పదేళ్లకి తండ్రి పోయాడు. 12వ ఏట, 1934లో, చిబా జిల్లా ఇచికావాలో మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల కోసం నడిపే 'యవాత గకుఎన్' అనే ఆశ్రమంలో చేర్పించారు.

ఆ ఆశ్రమంలో పిల్లల చేతులకి పని కల్పించడానికి నేర్పే వాటిల్లో కాగితం చింపి అతికించడం ఒకటి. మా ఫిజియోథెరపీ అమ్మాయి అమ్మకి చెప్పినట్టే! మిగతా పిల్లలకి అది కాలక్షేపం. వీడికి మాత్రం నోటికి బదులు దొరికినట్టయింది. మొదట్లో మనుషుల్ని చేయలేదు. పురుగులు... సీతాకోకచిలుకలు, తేనెటీగలు, తూనీగలు. వాటితోనే వాడి స్నేహం. నెమ్మదిగా బొమ్మల్లోకి తోటిపిల్లలు వచ్చారు, తోట వచ్చింది, వీధి వచ్చింది. 1930ల చివరికి ఆ బొమ్మలు టోక్యోలో ప్రదర్శనకి వెళ్లాయి. షికిబా ర్యూజబురో అనే మానసిక వైద్యుడు, చిత్రకారుడు వాన్‌గోగ్ జీవితంమీద పరిశోధన చేసినాయన, ఈ కుర్రాడి చేతిలో ఏముందో గుర్తుపట్టి ఏళ్ల తరబడి వెన్నంటి ఉన్నాడు.

కియోషి వాడింది ఖరీదైన వాషి కాదు. మామూలు రంగు కాగితాలు. వాటికీ కరువొచ్చిన రోజుల్లో వాడేసిన పోస్టల్ స్టాంపుల్ని చింపి అతికించాడు. నూగు అంచుల మబ్బులు, పొగమంచూ కావు ఆయన బొమ్మలు. గోటి చివరంత ముక్కలు, వేలకి వేలు, ఒకదాని పక్కన ఒకటి. దగ్గరికెళ్తే ముక్కలు, దూరం జరిగితే చెట్టు. సన్నటి గీత కావాల్సినచోట కాగితాన్ని దీపపు వత్తిలా పేని అంటించేవాడు.

1940 నవంబరులో, 18 ఏళ్లప్పుడు, ఎవరికీ చెప్పకుండా ఆశ్రమం వదిలి వెళ్లిపోయాడు. అక్కడ విసుగెత్తింది. అంతకుమించి భయం పట్టుకుంది. ఇరవయ్యేళ్లొస్తే సైన్యానికి పనికొస్తాడో లేదో పరీక్ష చేస్తారు. యుద్ధానికి పోతే చచ్చిపోతానని వాడికి బాగా తెలుసు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఎంతో చదువుకున్నవాళ్లు కూడా పైకి అనలేని మాట అది! బుద్ధి నెమ్మదైన పిల్లాడు కాళ్లతో చెప్పాడు. చివరికి 1943లో పరీక్షకి తీసుకెళ్లారు. సైన్యానికి పనికిరాడని తేల్చారు. ఆయన జీవితంలో 'పనికిరావు' అనిపించుకుని బతికిపోయిన సందర్భం అదొక్కటేనేమో.

ఆ తిరుగుడు 1950ల మధ్యదాకా సాగింది. వీపున ఓ సంచి. అందులో అన్నం తినడానికి గిన్నెలు, పుల్లలు, తుండుగుడ్డ, మార్చుకునే బట్టలు... ఇంకా, కుక్కలు వెంటపడితే విసరడానికి అయిదు రాళ్లు! రైలుపట్టాల వెంట నడవడం, స్టేషన్లలో పడుకోవడం, ఇళ్లముందు నిలబడి అన్నంముద్ద అడుక్కోవడం. కొంతకాలం స్టేషన్‌లో భోజనం డబ్బాలు అమ్మే దుకాణంలో పనికి కుదిరాడు కూడా. ఎక్కడా నిలవలేదు. మధ్యమధ్య ఆశ్రమానికో, అమ్మ దగ్గరికో వచ్చేవాడు. వచ్చినప్పుడే కూర్చుని బొమ్మలు చేసేవాడు, తిరిగిన చోట్ల గురించి రాసేవాడు. ఆ దినచర్యలో కామాలుండవు, చుక్కలుండవు. ఆయన నడకలాగే ఎక్కడా ఆగదు.

ఇక్కడో మాట చెప్పాలి. 1958లో ఆయనమీద 'నగ్న సేనాని' అని అర్థం వచ్చే పేరుతో సినిమా వచ్చింది. అదే మకుటంతో 1980 నుంచి 1997 దాకా టీవీలో ధారావాహిక నడిచింది. బనీను, నిక్కరు వేసుకున్న అమాయకుడు ఊరూరా తిరుగుతూ, అక్కడికక్కడే ఓ అద్భుతమైన బొమ్మచేసి ఊరివాళ్లకి ఇచ్చి వెళ్లిపోతుంటాడు. జపాను కుటుంబాలన్నీ మురిసిపోయి చూశాయి. కానీ అసలు కియోషి దారిలో బొమ్మలు చేయలేదు. సంచిలో రంగు కాగితాలే లేవు! చూశాడు, అంతే. నెలల తరవాత ఇంటికొచ్చి, చూసిందంతా కళ్లముందున్నట్టు ముక్క ముక్కగా పేర్చాడు. టీవీలోది అందమైన కథే కాదనను. కానీ అందులో జ్ఞాపకశక్తి అనే అసలు విద్య కనబడదు. మంచివాడు, పాపం... అని జాలిపడటానికి వీలైన మనిషి మాత్రమే కనబడతాడు. జాలి చూపించినంత తేలిగ్గా మనం గౌరవం చూపించం.

ఆయన బొమ్మల్లో అందరికీ తెలిసింది 1950లో చేసిన 'నాగవోకా బాణసంచా'. కియోషికి తారాజువ్వలంటే ప్రాణం. ఎక్కడ బాణసంచా ఉత్సవం ఉందని తెలిసినా నడిచి వెళ్లేవాడు. నాగవోకా కూడా ఆయన పసితనం గడిచిన ఆ నీగాతా ప్రాంతంలోదే, షినానో నది ఒడ్డున ఊరు.

బొమ్మ చూస్తే ముందు ఆకాశం కనబడుతుంది. చీకటి. అందులో విచ్చుకున్న చామంతుల్లా తారాజువ్వలు. రేకులన్నీ సన్నగా పేనిన కాగితమే. కింద నదిలో ఆ వెలుగుల నీడ. ఇంకా కిందికొస్తే ఒడ్డుమీద జనం. చుక్కలనుకుంటాం ముందు. కాదు, తలలు! ఒక్కొక్క తలకీ ఒక్కొక్క ముక్క చింపి, ఒక్కొక్కటిగా అంటించాడు. గుంపుని గుంపుగా చూపించడానికి చిత్రకారులకి నూరు దగ్గరదారులున్నాయి. కియోషి ఒక్కటీ తొక్కలేదు. వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టాడు.

ఆ జనం ఎవరో తెలిశాక ఆ బొమ్మని నేను మొదటిసారి చూసినట్టు చూడలేకపోయాను. 1945 ఆగస్టు 1 రాత్రి పదిన్నరకి అమెరికా బాంబర్లు నాగవోకామీద నిప్పుల బాంబులు కురిపించాయి. ఊరు సుమారు 80 శాతం కాలిపోయింది. 1,480 మందికి పైగా చనిపోయారు. సరిగ్గా రెండు వారాలకి యుద్ధం ముగిసింది. మరుసటేడు ఆగస్టులో మిగిలినవాళ్లు ఊరిని మళ్లీ నిలబెట్టుకోవడానికి ఉత్సవం మొదలుపెట్టారు. 1947లో తారాజువ్వలు తిరిగి లేచాయి. అంటే కియోషి కూర్చోబెట్టిన ఆ తలల్లో చాలామంది, నాలుగైదేళ్ల కిందట అదే ఆకాశంలోంచి నిప్పు పడటం చూసినవాళ్లు. ఇప్పుడు తలెత్తి చూస్తున్నారు. ఇప్పటికీ ఏటా ఆగస్టు 1న, బాంబులు పడటం మొదలైన ఆ పదిన్నర వేళకే, పోయినవాళ్ల కోసం 'తెల్ల చామంతి' అనే తెల్లటి తారాజువ్వల్ని వదులుతారక్కడ. 2, 3 తేదీల్లో పెద్ద ఉత్సవం.

1954లో ఓ పత్రిక ఆయన ఎక్కడున్నాడని దేశమంతా వెతికించింది. కొద్దిరోజులకే దక్షిణాన కగోషిమాలో దొరికాడు. తరవాత పేరొచ్చింది, ప్రదర్శనలకి జనం విరగబడ్డారు, 'జపాను వాన్‌గోగ్' అన్నారు. 1961లో షికిబా ఆయన్ని యూరప్ తీసుకెళ్లాడు. గుర్తుపట్టి చుట్టూ మూగే మనుషులు ఎక్కువయ్యాక పూర్వంలా తిరగడం కుదరలేదు. 1971 జులైలో, 49 ఏళ్లకే, మెదడులో రక్తస్రావమై పోయాడు. బాణసంచా ఉత్సవాలు మొదలయ్యే రోజులవి. ఈ ఏడు వాటిని చూడటానికి ఎక్కడికెళ్దామా అన్నదే ఇంట్లోవాళ్లతో ఆయన ఆడిన చివరి మాటగా చెబుతారు. 2022లో నూరేళ్లు నిండితే, ఆయన బొమ్మలు జపాను నగరాలన్నీ మళ్లీ తిరిగాయి.

ఇవన్నీ అమ్మకి విడతలు విడతలుగా చెప్పాను. కుక్కల కోసం రాళ్లు మోసుకెళ్లాడంటే నవ్వింది. వాళ్లమ్మ సంగతేమిటని అడిగింది. కొడుకు పదిహేనేళ్లు అలా రోడ్లమీద తిరుగుతుంటే ఆ తల్లికి ముద్ద ఎలా దిగిందే అంది. నా దగ్గర జవాబు లేదు.

జపానులో ఇప్పుడు ఈ బొమ్మలు ఎక్కువగా చేసేది వయసు మళ్లినవాళ్లే. పగటిపూట పెద్దవాళ్లని చూసుకునే కేంద్రాల్లో చిగిరి-ఎ మామూలు వ్యవహారం. తలా కొన్ని ముక్కలు అంటించి గోడంత చెర్రీచెట్టు తయారుచేస్తారు. కత్తెర పట్టలేని వేళ్లకి, వణికే వేళ్లకి కూడా కాగితం లొంగుతుంది. తిన్నగా చింపితేనే ఇక్కడ తప్పు. వణుకుతూ చింపిన అంచు ఆకులా ఉంటుంది, రాయిలా ఉంటుంది, మబ్బులా ఉంటుంది.

మనింట్లో చేయాలంటే వాషి ఎక్కణ్నుంచి వస్తుందని అడక్కండి. ఖాదీ దుకాణాల్లో దొరికే చేతికాగితం బావుంటుంది, పాత నూలుగుడ్డల గుజ్జుతో చేస్తారు కాబట్టి చింపితే అంచున పీచు వస్తుంది. కాస్త దళసరి, నీళ్లు రాసి రెండు నిమిషాలు ఆగండి. పతంగుల కాగితం మెరుస్తుంది గానీ తడిస్తే రంగు కారుతుంది. శుభలేఖలు వద్దు, మరీ బిరుసు, ముసలి వేళ్లు నొప్పెడతాయి. పాత కేలండర్లు, వారపత్రికల రంగుపేజీలు కియోషి పద్ధతికి సరిపోతాయి. ఇంకో లాభం, రంగుపేజీ చింపినప్పుడు ఒకవైపు అంచుకి తెల్లటి చార వస్తుంది. ఎటువైపు చెయ్యి మీకేసి లాగితే అటు తెలుపు తేలుతుందో రెండుసార్లు చింపితే తెలిసిపోతుంది. అలలకీ, మంచుకీ ఆ తెలుపు పనికొస్తుంది. జిగురుకి సీసాలు కొనక్కర్లేదు. మైదా ఉడకబెట్టి పల్చగా చేసుకోండి. చిక్కటి గంజైనా చాలు. అరచెంచా ముక్కకి అరసీసా జిగురు పోసే పిల్లల్ని మాత్రం దూరంగా కూర్చోబెట్టండి. అనుభవంతో చెబుతున్నాను.

మా ఇంట్లో మొదటి ముక్క చింపింది నేను. అమ్మ చూస్తూ కూర్చుంది. మామిడాకు చేద్దామని మొదలుపెట్టి చిలకలాంటిదేదో చేశాను. 'అది ఆకేనా? ఇలా ఇయ్యి' అని కాగితం లాక్కుంది. ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చడానికి చాలాసేపు పట్టింది. వేళ్లు జారాయి. మళ్లీ పట్టుకుంది. చింపింది. అంచు వంకరగా వచ్చింది. పారేయబోయి, ఆగి, వెలుతురుకి పెట్టి చూసింది.

ఇది జరిగి మూడు నెలలు. ఇప్పుడు భోజనాల బల్లమీద మాకు చోటు లేదు. ముక్కలు రంగులవారీగా పోపులడబ్బా గిన్నెల్లో ఉన్నాయి. పోపుగింజలు సీసాల్లోకి వెళ్లాయి. ఫిజియోథెరపీ అమ్మాయికి ఓ మందారపువ్వు ఇచ్చింది అమ్మ, అయిదు రేకుల్లో ఒకటి పొట్టి. ఆ పిల్ల దాన్ని ఫోను కవరు వెనక పెట్టుకుంది. ప్రస్తుతం మా పాత ఇంటి పెరట్లోని జామచెట్టు నడుస్తోంది. ముదురాకుపచ్చ చాలట్లేదని గొడవ.

మొన్న ఆదివారం సాయంత్రం చూస్తే ఈ పుస్తకమే బల్లమీద ఉంది, నా పేజీ సగం లేదు. 'ఇంకా చదవలేదమ్మా!' అన్నాను. 'నువ్వు రాసిందేగా, నీకు తెలీదా ఏంటి?' అంది తలెత్తకుండా. 'అందులో పనికొచ్చేది ఈ మూల ఆకుపచ్చే.'